ముప్ఫై ఒకటో కాగితం

తలుపు మూసుకునే ముందు ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మంచిదే, చూడొద్దని నాలుగు నెలలుగా నూరిపోసింది నేనే. గదిలోకి అడుగుపెట్టాక బయటున్నవాళ్లని మరిచిపోవాలి, వెనక్కి వెళ్లే చూపును లోపలివాళ్లు ఇట్టే పట్టేస్తారు, అని. తీరా ఆ పిల్ల నా మాట అక్షరాలా పాటించి, చూడకుండా వెళ్లిపోయేసరికి, ఒక్కసారి చూసి ఉంటే ఏం పోయేది అని నాకే అనిపించింది. గోడ గడియారం పది దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది. ఇంటర్వ్యూ, చేతిపని పరీక్ష కలిపి మనిషికి గంట అని తలుపు మీద కాగితం అంటించారు. పన్నెండు సీట్లు, పిలిచింది నలభై మందిని, ఇది నాలుగో రోజు. బెంచీ మీద మేమిద్దరమే, నేనూ, ఆమె తండ్రీ. ఆయన తాళాలు బాగుచేస్తాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని, రెండు చేతులూ మోకాళ్ల మీద బోర్లించి, ఫోటో తీయించుకునేవాడిలా కూర్చున్నాడు. ఎంత తోమినా పోని ఇనుప నలుపు గోళ్ల చుట్టూ సన్నటి గీతల్లా ఉంది. ఎదురుగా అద్దాల బీరువాలో చెక్క పాదాలు, పసిపిల్లల కొలత నుంచి పెద్దల కొలత దాకా వరసగా నిలబెట్టి ఉన్నాయి, అన్నీ ఎడమ పాదాలే. వరండా అంతా వార్నిషు వాసన, తడి సున్నం వాసన. కృత్రిమ అవయవాలు తయారుచేయడం నేర్పే మూడేళ్ల చదువు ఇది. ఇలాంటి చదువు ఒకటుందని నాకు ఆ పిల్ల చెబితేనే తెలిసింది. ఇరవై నాలుగేళ్లుగా పిల్లలకు దారులు చూపిస్తున్నానని చెప్పుకునే నాకు!

ఎన్ని బెంచీల మీద ఇలా కూర్చున్నానో. నర్సింగు కాలేజీ బెంచీ, రైల్వే శిక్షణ కేంద్రం బెంచీ, కాలు ఊగే బెంచీ, మేకు పైకి తేలిన బెంచీ. మీ ఉద్యోగమంతా మీ పంట్లాముల వెనకాలే రాసి ఉంది అంటుంది మా ఆవిడ. నేను లెక్కల మాస్టార్ని, జీతం లెక్కలు చెప్పినందుకే. శుక్రవారం చివరి పీరియడ్ మాత్రం, అదిగో, అది నా నెత్తిన పడింది. బడి వదిలి వెళ్లబోయే చివరి ఏడాది పిల్లలకు పై చదువుల గురించీ ఉద్యోగాల గురించీ ఎవరో ఒకరు వారానికోసారి చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. స్టాఫ్ మీటింగులో పెద్ద మేడమ్ ఆ ఉత్తర్వు చదివి, ఎవరు తీసుకుంటారు అని అడిగింది. అందరూ ఊపిరి బిగపట్టి ఫ్యాను వంక చూశారు. సరిగ్గా అప్పుడే నా పెన్ను బల్ల కిందికి దొర్లింది. వంగి, వెతికి, తలెత్తేసరికి ఆ గదిలో కదిలిన తల నాదొక్కటే. "మీరా? చాలా సంతోషం," అంది పెద్ద మేడమ్. టైంటేబుల్ గడిలో ఆ తరగతి పేరు పట్టలేదు, 'ఉన్నత విద్య, ఉపాధి మార్గదర్శనం' ఎలా పడుతుంది, గుమాస్తా విసుక్కుని 'దారి' అని రాసేశాడు. అప్పటినుంచీ పిల్లలకు అది దారి పీరియడ్. నేను దారి సారు. బజారులో పెళ్లాంబిడ్డలతో ఎదురైన పాత విద్యార్థి ఎవరైనా, గుర్తుపట్టారా దారి సార్ అంటే, పక్కనున్న పిల్లలు నన్ను రోడ్లు వేసేవాడనుకుంటారు.

మొదటి శుక్రవారం నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. పిల్లలు ఇరవై ఆరుమంది నా వంక చూస్తున్నారు, నేను సుద్దముక్క వంక చూస్తున్నాను. కిటికీలోంచి మైదానం మీద సాయంత్రపు ఎండ పడుతోంది, ఎవరో చిన్న తరగతివాళ్లు గంట కొట్టకముందే సంచులు సర్దుకుంటున్న చప్పుడు. అప్పుడు నాకు నా సంగతి గుర్తుకొచ్చింది. బడి అయిపోయిన ఏడాది నేను కాలేజీ కిటికీ ముందు నిలబడ్డాను. చరిత్రకు పొడుగు క్యూ, లెక్కలకు పొట్టి క్యూ. ఎండగా ఉంది, ఆకలేస్తోంది. పొట్టి క్యూలో నిలబడ్డాను. అంతే, నా జీవితానికి అంతకన్నా పెద్ద కారణం లేదు. నాన్నకు చదువు తెలియదు, అన్నయ్యకు తీరిక లేదు, మాస్టార్లు మార్కులు చూశారే తప్ప మొహం చూడలేదు. నీకేం చేయాలని ఉందిరా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. లెక్కలతో నాకు తగువేమీ లేదు, ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, ముప్ఫై ఏళ్ల సావాసం ఇది. అయినా సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద ఆ ఒక్క ప్రశ్నే రాశాను: నీకేం చేయాలని ఉంది? తలా ఒక తెల్ల కాగితం ఇచ్చాను. రాయండి, లేదా ఖాళీగా వదిలేయండి, కానీ పీరియడ్ అయ్యేదాకా ఆ కాగితం ముందు కూర్చోండి, అన్నాను. ఆ పద్ధతి చూసి పెద్ద మేడమ్ మెచ్చుకుంది. నాకు మరో పని తెలియక చేసినదని ఆమెకు చెప్పలేదు.

ఎన్ని కాగితాలు! ఒకమ్మాయి రాసింది: ఏదైనా సరే, కుర్చీలో కూర్చునేది మాత్రం కాదు. ఆమె ఇప్పుడు కొండల మధ్య రోడ్లకు కొలతలు తీస్తోంది, ఎండకు నల్లబడి, నవ్వితే పళ్లు మాత్రమే కనిపించేలా ఓసారి వచ్చి నా బల్ల మీద ఒక రాయి పెట్టి వెళ్లింది. సన్నగా ఉండే కుర్రాడు ఒకడు, వాడిని పెన్సిలు అనేవాళ్లు, ఏడు శుక్రవారాలు ఖాళీ కాగితం ఇచ్చాడు. ఎనిమిదో శుక్రవారం రాశాడు: రైలు ఎక్కడ ఆగాలో చెప్పేవాడు ఎవరో, అది. సిగ్నల్ పరీక్షకు వాడిని నేనే తీసుకెళ్లాను. తరవాత ఏ ఏడో, నేనెక్కిన రైలు స్టేషను బయట ఇరవై నిమిషాలు ఆగిపోయింది. పెట్టె పెట్టంతా రైల్వేవాళ్ల తాతముత్తాతలను తిడుతోంది. నేనొక్కణ్నే కిటికీ పక్కన కూర్చుని, మావాడే ఆపి ఉంటాడు, ఏదో కారణం ఉండే ఉంటుంది అని మురిసిపోయాను. ఎదుటి సీట్లో పెద్దావిడ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

ఆ రోజుల్లో దరఖాస్తులకు ఫోటోలంటే మాకు పెద్ద తంతు. కోటు ఉంటే మర్యాదగా ఉంటుందని ఎవరన్నారో గానీ, బడి మొత్తానికి ఒకే ఒక్క ముదురు నీలం కోటు, స్టాఫ్ రూమ్ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుండేది. వరసగా నిలబడి ఒకడి తరవాత ఒకడు అదే తొడుక్కునేవాళ్లు. పెన్సిలు తొడుక్కుంటే వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగించాం, లావుపాటి పిల్లాడికి బొత్తాలు పట్టక ఊపిరి బిగపట్టమన్నాం, ఆ ఫోటోలో వాడు నీళ్లలో మునిగినవాడిలా వచ్చాడు. పదిహేనేళ్ల బ్యాచీల ఫోటోలు పక్కపక్కన పెడితే మొహాలు మారతాయి, కోటు మారదు. ఇక ఇంటర్వ్యూ సాధనకు భూగోళం మాస్టారు. అసలు మనిషి వెన్నముద్ద. కానీ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, "ఎందుకొచ్చావు?" అన్నాడంటే పిల్లలకు కన్నవాళ్ల పేర్లు కూడా మరుపుకొచ్చేవి. ఒకమ్మాయి భయంతో "తప్పయిపోయింది సార్" అని లేచి వెళ్లిపోబోతే, ఆయన గబుక్కున లేచి వెంటపడి, "అయ్యో తల్లీ, ఉత్తుత్తికే, ఉత్తుత్తికే" అని బతిమాలుకున్నాడు. ఆ వారమంతా ఆమెకు తన డబ్బాలో బిస్కెట్లు పెట్టాడు. ఆయన రిటైరై ఆరేళ్లయింది. ఇప్పటికీ సంవత్సరానికో కార్డు రాస్తాడు, చివర్లో తప్పకుండా ఒక వాక్యం: ఎందుకొచ్చావని ఇప్పుడెవరు అడుగుతున్నారు?

ఎవరూ అడగడం లేదు. ఈసారి నేనే అడిగాను, కుర్చీలో వెనక్కి వాలడం నాకు చేతకాదు, పిల్లలు నవ్వారు. లోపల ఇప్పుడెవరు అడుగుతున్నారో. చెవి నిక్కించి విన్నాను. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, మందపాటి తలుపు అవతల గొణుగుడు. ఆ పిల్ల గొంతు మాత్రం వినబడలేదు. ఎలా వినబడుతుంది, పక్క సీట్లో వాళ్లకే వినబడదు. తరగతిలో ఆమె పేరు గుసగుస. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, ఈ పిట్టకు కూత కూడా కొంచెమే. పిరికిదేమో అనుకున్నాను మొదట, కాదు, ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే కళ్లలోకి చూస్తూ ఆ గుసగుసతోనే కడిగిపారేస్తుంది, ఆ కడిగింది వాళ్లకు వినబడదు, అదొక్కటే చిక్కు. కాగితం ఇచ్చిన మొదటి శుక్రవారమే, అయిదు నిమిషాల్లో, గుండ్రటి అక్షరాలతో ఈ చదువు పేరు రాసి ఇచ్చేసింది. ఇంత సూటిగా రాసినవాళ్లు నాకు నలుగురైదుగురే తగిలారు. నాలుగు నెలలు మేమిద్దరం బడి అయ్యాక మైదానంలో సాధన చేశాం. ఆమె మెట్ల మీద, నేను అవతలి గోడ దగ్గర. "వినబడలేదు!" అని నేను అరిచేవాణ్ని. మళ్లీ చెప్పేది. "వినబడలేదు!" నా అరుపులకు కాకులు లేచిపోయేవి, ఆ పిల్ల మాట మాత్రం మైదానం సగం దాటేది కాదు. వారం గడిచేకొద్దీ నేనే పదడుగులు ముందుకు జరిగి, మెరుగవుతోంది అని అబద్ధం చెప్పేవాణ్ని.

ఈ చదువు ఎందుకు ఎంచుకున్నావు అని తప్పక అడుగుతారు, అన్నిచోట్లా అడిగేదే. దానికి జవాబు నేను రాసిచ్చాను. పద్నాలుగు వాక్యాలు. నిస్సహాయులకు చేయూతనివ్వాలనే తపన నాలో చిన్ననాటి నుంచీ, అని మొదలవుతుంది. తప్పు పోకుండా బట్టీ పట్టింది. ఒప్పజెబుతుంటే మాత్రం ఎవరివో చెప్పులు వేసుకుని నడుస్తున్నట్టుండేది. పోయిన వారం, స్టాఫ్ రూమ్ బీరువాలో పాత కాగితాలు సర్దాక, ఆమెను పిలిచి, "ఆ జవాబు నీకు నచ్చకపోతే మానేయమ్మా, నీ మాటల్లో చెప్పు," అన్నాను. "పర్లేదు సార్, బట్టీ వచ్చేసింది," అంది. నాకు వినబడేందుకు నేను ముందుకు వంగాల్సి వచ్చింది.

అప్పుడు లోపలినుంచి కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, రెండు మూడు కుర్చీలు, గచ్చు మీద బరబరా. ఇద్దరం ఒక్కసారే గడియారం వంక చూశాం. పదీ ఇరవై. గంటలో పావు వంతే అయింది. కుర్చీలు జరిగాయంటే లేచారన్నమాట, లేచారంటే అయిపోయిందన్నమాట. ఇన్ని బెంచీల అనుభవంలో నాకు బాగా తెలిసిన చప్పుడు అది. గొంతు వినబడక విసిగిపోయి ఉంటారు. ఆ పిల్లను మైదానంలో నిలబెట్టి అరిపించే బదులు, ముందే వాళ్లకో ఉత్తరం రాసి ఉండాల్సింది, ఈ అమ్మాయి గొంతు చిన్నది, చేయి గట్టిది, కాస్త ఓపిక పట్టండి అని. ఎందుకు రాయలేదు? పిల్లను మార్చడం సులువు, పెద్దవాళ్లకు చెప్పడం కష్టం అనుకున్నానా? తలుపు తెరుచుకుంటుందని చూస్తూ కూర్చున్నాం. తెరుచుకోలేదు. ఒక నిమిషం. రెండు. ఐదు. లోపల నిశ్శబ్దం, ఇందాకటి గొణుగుడు కూడా లేదు. తాళాలాయన తల కొంచెం పక్కకు వంచి విన్నాడు, తాళంలో చెవి తిప్పుతూ లోపలి మీట పడిందా లేదా అని వినేవాడిలా. "ఉన్నారు లోపల," అన్నాడు నిమ్మళంగా. "ఏదో నడుస్తోంది."

ఆయన ధైర్యం చూస్తే నాకు సిగ్గేసింది. కాసేపటికి, నన్ను మాటల్లో పెడదామనో, నిజంగా తెలుసుకుందామనో, "మాస్టారూ, మీకో అమ్మాయి ఉందన్నారు కదా," అన్నాడు.

"ఉంది. పెద్ద ఉద్యోగంలో ఉంది. బీమా ఆఫీసులో."

"మీ అమ్మాయిని కూడా ఇలాగే కూర్చోబెట్టి, అడిగి, తయారుచేశారా?"

"ఆ," అన్నాను.

అనేశాను. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అక్షరం. ఆయన సంతృప్తిగా తలాడించి మళ్లీ తలుపు వైపు తిరిగాడు. నేను చెక్క పాదాల వైపు తిరిగాను. పోయిన వారం, పాత కాగితాలు నాలుగు చూపిస్తే గుసగుసకు ఉత్సాహంగా ఉంటుందని, స్టాఫ్ రూమ్ బీరువా తెరిచాను. ఏడాదికో కట్ట, దారం కట్టి, పైన సంవత్సరం వేసి దాచుకున్నవి. ఒక కట్ట మీద చేయి ఆగింది. పద్నాలుగేళ్ల కిందటిది. మా అమ్మాయి నా తరగతిలో కూర్చున్న ఏడాది. దారం విప్పి, నేల మీద కూర్చుని ఒక్కో కాగితం తిరగేశాను. ఆ పిల్లలందరి మొహాలూ చేతిరాతల్లోంచే లేచొచ్చాయి, వాలిపోయే అక్షరాలు, నిక్కబొడుచుకునే అక్షరాలు, తుడిచి తుడిచి చిల్లు పడిన కాగితం, అంచున పువ్వుబొమ్మ వేసిన కాగితం. ముప్ఫై కాగితాలు, ముప్ఫై చేతిరాతలు. ముప్ఫై ఒకటో కాగితం మీద ఉన్నది నా చేతిరాత. నీకేం చేయాలని ఉంది? గణితం, గణాంక శాస్త్రం. ఒక్క కొట్టివేత లేదు. చక్కటి గీత, బోర్డు మీద రాసినంత పొందికగా.

మొదట నాకర్థం కాలేదు. తరవాత అన్నీ గుర్తొచ్చాయి. ఆ శుక్రవారం అమ్మాయికి జ్వరం, బడికి రాలేదు. సోమవారానికి అందరి వివరాలూ పంపాలి. మా అమ్మాయేగా, నాకు తెలియనిదేముంది, లెక్కల్లో ఎప్పుడూ నూటికి తొంభై ఎనిమిది, అనుకుంటూ నేనే నింపేశాను. సోమవారం కాగితం దాని ముందు పెట్టాను. కింద సంతకం చేయమన్నాను. చేసింది. నా పొందికైన అక్షరాల కింద చిన్నది, కుడివైపు మూలకు ఒదిగి, సంతకం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో ఎన్ని గెలుపులు నావి! ఖాళీ కాగితం ఇచ్చిన పెన్సిలు ముందు ఏడు వారాలు ఓపిగ్గా కూర్చున్నానే, ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే పిల్లను అడగడానికి ఏడు నిమిషాలు దొరకలేదా? అడగాలని తోచలేదు, అదీ నిజం. దీపం కిందే చీకటి. ఆ పిల్ల మంచిది, పేచీ పెట్టని పిల్ల, కాలేజీకెళ్లింది, మార్కులు తెచ్చింది, ఉద్యోగం తెచ్చుకుంది. మనుషులు ఎన్నేళ్లకు పోతారో, ఇళ్లు ఎన్నేళ్లకు కాలతాయో లెక్క కట్టి చెబుతుంది. బాగానే ఉంది, బాగా లేదని ఎవరూ అనరు. ఆదివారం ఫోను చేస్తుంది. వానలెలా ఉన్నాయి నాన్నా అంటుంది, ఇక్కడ పర్లేదు, అక్కడెలా ఉన్నాయి అంటాను. ఆ తరవాత ఫోను వాళ్లమ్మకిస్తాను. కాగితం దొరికిన తరవాత ఒక ఆదివారం వచ్చింది, వెళ్లింది. అప్పుడూ వానల గురించే మాట్లాడుకున్నాం.

ఆ ఏడాది సాయంత్రాలు గుర్తొచ్చాయి. శుక్రవారాలు ఇద్దరం కలిసి నడిచి ఇంటికి వచ్చేవాళ్లం. తరగతిలో నన్ను సార్ అనేది, గేటు దాటాక నాన్నా అనేది, ఆ మారడం దానికి పెద్ద ఆట. గేటు మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, "సార్నాన్నా" అని పకపకా నవ్వేది. దారిలో దుకాణాల ముందు వెనకబడిపోయేది. "నడువు, చీకటి పడుతుంది" అంటూ నేను ముందు నడిచేవాణ్ని. ఎక్కడ ఆగేదో, ఏం చూసేదో నేను వెనక్కి తిరిగి చూస్తేగా! నా తల నిండా పక్కవాళ్ల పిల్లల దరఖాస్తులు. పరిగెత్తుకొచ్చి నా చొక్కా చేయి పట్టుకునేది, రొప్పుతూ. ఆ చేయి బరువు ఇప్పటికీ తెలుస్తోంది.

తలుపు సగం తెరుచుకుని ఒకతను తల బయటపెట్టాడు. "అమ్మాయి నాన్నగారు ఒకసారి లోపలికి రావాలి."

తాళాలాయన లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఇంతసేపూ రాయిలా ఉన్న మనిషి ఒక్కసారిగా నీరైపోయాడు. "మాస్టారూ, మీరే వెళ్లండి. నాకు మాటలు రావు. ఏం చెప్పాలో కూడా తెలీదు."

ఇన్నేళ్లుగా తల్లులకూ తండ్రులకూ కూడా ఏం చెప్పాలో చెప్పిపంపినవాణ్ని. నాలుక మీద నాలుగు వాక్యాలు సిద్ధంగానే ఉన్నాయి. మింగేశాను. "మీకు తెలిసిందే చెప్పండి," అన్నాను. "నేను చెబితే బాగుండదు." ఆయన నా వంక అనుమానంగా చూసి, చొక్కా సర్దుకుని వెళ్లాడు. తలుపు మూసుకుంది. బెంచీ మీద నేనొక్కణ్నే మిగిలాను. పదకొండు కావస్తోంది. ఎవరో చెక్క చిత్రిక పడుతున్న చప్పుడు కింది అంతస్తులోంచి వస్తోంది, లయగా, ఆగి ఆగి.

పది నిమిషాల తరవాత ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. ఆ పిల్ల కళ్లు ఎర్రగా లేవు, మొహం వాడిపోలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, తప్పు చేసినదానిలా నిలబడింది. నేను ముందుకు వంగాను.

"సార్, మీరు రాసిచ్చింది చెప్పలేదు. ఏమీ అనుకోకండి."

"ఏమైందమ్మా?"

"మొదలుపెట్టాను సార్. మూడో వాక్యం దగ్గర, గట్టిగా చెప్పమ్మా, వినబడటం లేదు అన్నారు మేడమ్. గట్టిగా అన్నాను. గొంతు చీలిపోయింది. ఇంకో సార్ కూడా గట్టిగా అన్నారు. అప్పుడు, నా గొంతు ఇంతే మేడమ్, మీరు కాస్త దగ్గరికి వస్తే చెప్తాను, అన్నాను."

"అలా అన్నావా! మరి?"

"వచ్చారు సార్. ముగ్గురూ కుర్చీలు జరుపుకుని బల్లకి ఇటువైపు వచ్చి కూర్చున్నారు. అంత దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ పద్నాలుగు వాక్యాలు చెప్పబుద్ధి కాలేదు. అందుకని కండక్టరు గారి మోకాలు సంగతి చెప్పాను."

ఏ కండక్టరు, ఏ మోకాలు? నాలుగు నెలల్లో నాకు చెప్పని సంగతి అది. నేను అడగని సంగతి. అక్కడే వరండాలో నిలబడి చెప్పింది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు, బస్సు కండక్టరుగా చేసి మానేసిన పెద్దాయన ఒకరు పెట్టె తాళం బాగుచేయించుకోవడానికి వాళ్ల కొట్టుకొచ్చాడట. ఆయనకు ఎడమది పెట్టుడు కాలు. అడుగు వేస్తే మోకాలు కిర్రుమనేది. నాన్న తాళం విప్పుతుంటే ఈమె ఆ కిర్రునే వింటూ కూర్చుంది. నూనె లేక కాదు, లోపలి పిన్నుకు ఒక పక్క గరుకు లేచింది అనిపించిందట, చప్పుడును బట్టి. ఒకసారి చూడనిస్తారా అని అడిగింది. ఆయన స్టూలు మీద కూర్చుని కాలు విప్పి చేతికిచ్చాడు. పిన్ను లాగి, ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, తోలు ముక్క గుండ్రంగా కత్తిరించి మధ్యలో వేసి బిగించింది. ఆయన లేచి వీధి చివరిదాకా నడిచి వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. చప్పుడు లేదు. "మా ఇంట్లో పిల్లి ఈ కిర్రుకే లేచి వంటగదిలోంచి పారిపోయేది, ఇక దొంగపిల్లిని పట్టుకుంటా" అని నవ్వాడట. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడట. "ఆ రోజునుంచే సార్," అంది గుసగుస. "తపన అంటే అదేనో కాదో నాకు తెలీదు."

"మరి మిమ్మల్నెందుకు పిలిచారు?" అని తాళాలాయన్ని అడిగాను.

"అమ్మాయిని ఏం చేయాలనుకుంటున్నారు అని అడిగారు మాస్టారూ. నాకేం తెలుసు? తాళం పట్టుకొచ్చినవాళ్లని ఇది ఏ తలుపుదండీ అని అడిగే చేయి వేస్తాను. పిల్ల ఎదురుగానే ఉంది కదా, దాన్నే అడగండి, నేనూ అలాగే అడిగి తెలుసుకున్నాను, అన్నాను." ఆయన బెదురుగా నా మొహంలోకి చూశాడు. "తప్పు చెప్పానా?"

"లేదు," అన్నాను.

ఫలితం పది రోజులకు ఉత్తరంలో వచ్చింది, పన్నెండు మందిలో తొమ్మిదో పేరు ఆమెది. ఆ ఉత్తరం తీసుకుని ఆ పిల్ల లెక్కల పీరియడ్ మధ్యలో తలుపు దగ్గర నిలబడి ఏదో అంటే, తరగతి మొత్తం, నాతో సహా, లేచి దగ్గరికి వెళ్లాం. కానీ ఆ ఉదయం వరండాలో మాకు అదేదీ తెలియదు. కింద రిజిస్టరులో సంతకాలు పెట్టాలంటే తండ్రీ కూతురూ మెట్లు దిగారు, ఆయన ఏదో అడుగుతున్నాడు, ఆమె ఏదో చెబుతోంది, ఆయన నడుస్తూనే తల ఆమె వైపు వంచి వింటున్నాడు. అలా వంగి వంగి ఆ మెడకు అదే అలవాటైపోయినట్టుంది. వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాను. తరవాత జేబులోంచి ఫోను తీశాను. పదకొండూ పది. బుధవారం. ఆ వేళప్పుడు మా అమ్మాయికి నేనెన్నడూ ఫోను చేయలేదు. రెండుసార్లు మోగిందో లేదో ఎత్తేసింది.

"నాన్నా? ఏమైంది? అమ్మ బాగుందా?"

"బాగుంది, బాగుంది. ఏమీ కాలేదు. నిన్నొకటి అడగాలి."

"నువ్వు బాగున్నావా?"

"ఉన్నాను. అమ్మా, బడిలో చివరి ఏడాది, నీకు జ్వరం వచ్చిన శుక్రవారం, నీ కాగితం నేనే నింపేశాను. పోయిన వారం దొరికింది." అవతల ఆఫీసు చప్పుళ్లు వినబడుతున్నాయి, ఎవరో నడిచి వెళ్లారు, ఏదో యంత్రం కాగితాలు కక్కుతోంది. "నిన్ను అడగలేదు నేను. అప్పుడు నీకేం చేయాలని ఉండేది?"

నవ్వింది. వెక్కిరింపుగా కాదు, నమ్మలేక. "ఇప్పుడా నాన్నా అడగడం?"

"ఇప్పుడే."

లైను తెగిందేమో అని ఫోను చెవి నుంచి తీసి చూసుకున్నాను, తెగలేదు. "తెలీదు నాన్నా," అంది చివరికి, టైము ఎంతయిందో చెప్పినంత మామూలుగా. "అడిగి ఉంటే ఆలోచించేదాన్ని."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. క్షమించమని అనాలా? అంటే, పోనీలే నాన్నా అంటుంది, వెంటనే వానల గురించి అడుగుతుంది, మంచి పిల్ల కదా. ఫోను గట్టిగా చెవికి అదిమి పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. అవతల కుర్చీ వెనక్కి జరిగింది. అడుగులు, ఒక తలుపు, ఆ తలుపు వెనక ఆఫీసు చప్పుళ్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నాను."

"మెట్ల మీదకొచ్చాను. మన పాత వీధిలో నిచ్చెన ఎక్కి దుకాణాలకి బోర్డులు రాసే ఆవిడ ఒకావిడ ఉండేది, గుర్తుందా?"

గుర్తులేదు. ఆ మాటే చెప్పాను.

"రోజూ ఆవిడ ముందునుంచే నడిచి వెళ్లేవాడివి," అని మళ్లీ నవ్వింది. "అయితే మొదట్నుంచీ చెప్పాలి. టైము పడుతుంది."

"మొదట్నుంచే చెప్పు," అన్నాను.